ఒక్క ఈక తక్కువైన టోపీ

2024 అక్టోబరు చివర్లో, దీపావళి వారం కూడా లేదనగా, పొద్దున్నే పేపరు తెరిస్తే కనకరాజు గారు పోయారన్న వార్త. మర్లవాయి కనకరాజు. గోండులు దీపావళి రోజుల్లో ఆడే గుస్సాడీ ఆటకు 2021లో పద్మశ్రీ వచ్చిన మనిషి. ఫొటోలో ఆయన తల మీద నెమలీకల టోపీ, మెడలో పూసల దండలు.

ఫొటో చూస్తుంటే నాకు ముందు వాసన గుర్తొచ్చింది. ఒంటికి పూసిన బూడిద, భుజం మీది మేకతోలు, రాత్రంతా ఆడిన చెమట, వాటన్నిటి మీద మంచులో తడిసిన నెమలీకల వాసన. తడిసిన ఈకకు పాత గోనెసంచి వాసన వస్తుంది, అందులో కొంచెం వేపాకు చేదు కలిస్తే ఎలా ఉంటుందో అలా. నలభై ఏళ్లు దాటింది ఆ వాసన పీల్చి. కరీంనగర్‌లో మా డాబా మీద పేపరు పట్టుకుని కూర్చున్నవాణ్ణి, ఒక్క క్షణం ఉట్నూరు అడవుల్లో ఉన్నాను.

లేచి వెళ్లి బీరువాలో పాత డిక్షనరీ తీశాను. 'ప' దగ్గర తెరిస్తే అది అక్కడే ఉంది. నెమలీక. దాని కథ చెప్పాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

*

మా బాపు బడిపంతులు. ఉద్యోగం ఏజెన్సీలో. ఉట్నూరు నుంచి జైనూరు పోయే బస్సు దిగి, వాగు దాటి, జొన్నచేలు, పత్తిచేలు మధ్య గంటసేపు నడిస్తే వచ్చే గోండుగూడెం మాది. మాది అంటున్నాను గానీ మేం అక్కడ ఉన్నది ఐదేళ్లే. అయినా 'మీదే ఊరు' అని ఎవరైనా అడిగితే ఇప్పటికీ నా నోట్లోకి ముందు ఆ గూడెం పేరే వస్తుంది.

బడి ఒక్క గది. ఒకటి నుంచి ఐదు వరకూ అందరం అందులోనే. వాన పడితే బడి లేదు, వాగు వస్తే బస్సు లేదు, పత్తి ఏరే రోజుల్లో పిల్లలే లేరు. బాపు దేనికీ విసుక్కునేవాడు కాదు. దండారి, అంటే గోండుల దీపావళి పండుగ, వస్తే మాత్రం తనే బడికి తాళం వేసి, "పోండ్రి, ఇగ దీపావళి అయినాకనే" అనేవాడు.

దసరా పోయి, వెన్నెల నిండి, మళ్లీ తరగడం మొదలయ్యాక ఊళ్లో ఒక కదలిక వచ్చేది. ఏడాదంతా మూల పడి ఉన్న వాయిద్యాలు బయటికి తీసేవారు. డప్పులు, కుండలా ఉండే గుమేలలు, పర్ర, తుడుం, సన్నాయిలాంటి పెప్రే. వాటిని వరుసగా పెట్టి పూజ చేసేవారు. ఆ పూజను భోగి అంటారు. మన సంక్రాంతి భోగికీ దానికీ సంబంధం లేదు. ఏత్మసార్ పేన్‌కు మొక్కుతారు. పేన్ అంటే దేవుడు. కొందరు పెద్దలు గోదావరి ఒడ్డున గుడిరేవులో ఉన్న పద్మల్‌పురి కాకో దగ్గరికి టోపీలు, వాయిద్యాలు పట్టుకుని పోయి మొక్కి వచ్చేవారు. కాకో అంటే అమ్మమ్మ. దేవతను అమ్మమ్మా అని పిలుచుకునేవాళ్ల మధ్య పెరిగాను నేను.

ఆ రాత్రుల్లో మా అవ్వ పక్కన పడుకుని వింటుండేవాణ్ణి. ముందు ఎక్కడో దూరంగా, వాగు అవతల, గజ్జెలు. ఆ ఊరి దండారి జట్టు ఈ ఊరికి చుట్టంగా వస్తోందన్నమాట. ఆగి ఆగి, గాలివాటుకు వినబడి మళ్లీ పోయేది ఆ చప్పుడు. తర్వాత పెప్రే. ఆ తర్వాత మా ఊరి డప్పులు జవాబు చెప్పేవి. నిద్ర ఎక్కడిది! అవ్వ నా కాలు పట్టి గుంజి, "పొద్దున చూద్దువు గానీ పండు" అనేది. ఆమెకూ నిద్ర పట్టేది కాదని నాకు తెలుసు.

*

నా పక్కన కూర్చునే దోస్తు ఒకడు. వాడికి నా తెలుగు, నాకు వాడి గోండి సగం సగం వచ్చు. వాళ్ల బాపు గుస్సాడీ.

మామూలు రోజుల్లో ఆయన్ని చూస్తే ఎవరూ రెండోసారి చూడరు. సన్నగా, కొంచెం ముందుకు వంగి నడిచేవాడు. అంగడిలో సేటు కాంటా దగ్గర చేతులు కట్టుకుని నిలబడేవాడు. పత్తి తూకం ఎంత చెబితే అంత. ఒకసారి బాపు నన్ను వెంటబెట్టుకుని అంగడికి పోయినప్పుడు చూశాను. సేటు కూర్చున్నచోటి నుంచి లేవకుండానే ఏదో గట్టిగా అన్నాడు. ఈయన భుజం మీది తువ్వాల తీసి చేతిలో పట్టుకుని నేల చూస్తూ నిలబడ్డాడు. నా దోస్తు కూడా చూశాడు. ఇంటికొచ్చేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.

దండారి మొదలై దీక్ష పట్టాడా, ఇక ఆ మనిషి వేరు. ఆ రోజులన్నీ స్నానం ఉండదు. ఒళ్లంతా బూడిద, దాని మీద నల్లటి చారలు. ముఖానికి కట్టుడు గడ్డం, మీసం. మెడలో రుద్రాక్షలు, పూసలు, భుజం మీద తోలు, నడుముకూ కాళ్లకూ గజ్జెలు. చేతిలో గంగారాం సోటి అనే కర్ర. ఆ కర్రతో తాకితే రోగం పోతుందని నమ్మకం. తల మీద మల్‌బూర, అంటే గుస్సాడీ టోపీ. 'మల్' అంటే గోండిలో నెమలి.

ఆ టోపీ పెట్టుకుని వంగి నడవడం కుదరదు. తల కొంచెం వంచితే చాలు, బరువంతా ముందుకు వాలుతుంది. మెడ నిలబెట్టాలి, వీపు నిలబెట్టాలి, అడుగు తూకంగా పడాలి. ఏడాదంతా నేల చూసి నడిచే మనిషి ఆ పది రోజులు ఎదుటివాళ్ల కళ్లలోకి, ఇంకా చెప్పాలంటే వాళ్ల తలల మీదుగా చూస్తూ నడిచేవాడు.

మా ఇంటి గుమ్మం పొట్టిది. టోపీతో లోపలికి రావడం అయ్యే పని కాదు. ఆయన వాకిట్లో నిలబడేవాడు, మేమే బయటికి రావాలి. అవ్వ చెంబుతో నీళ్లు తెచ్చి కాళ్లు కడిగేది. బాపు చెప్పులు విడిచి నమస్కారం పెట్టేవాడు. బడిలో అందరి చేతా నమస్కారం పెట్టించుకునే మా బాపు! ఆయన సోటితో నా తలను మెల్లగా తాకేవాడు. తల తిప్పినప్పుడల్లా ఈకలు ఒకదానికొకటి రాసుకుని, ఎండిన జొన్నాకుల మీద గాలి పోయినట్టు గరగరమనేది.

ఒక ఏడు అదే సేటు బాకీ వసూలుకని మా గూడెం వచ్చాడు. దండారి నడుస్తోంది. దారిలో గుస్సాడీలు ఎదురయ్యారు. సేటు సైకిల్ దిగి, స్టాండ్ వేసి, వంగి మా దోస్తు వాళ్ల బాపు కాళ్లకు మొక్కాడు. ఆయన సోటి తీసి సేటు తల మీద పెట్టి దీవించాడు. ముఖంలో పగ లేదు, నవ్వు లేదు. దేవుడు ఎవరినైనా దీవించినట్టే దీవించాడు. నా దోస్తు నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే, గోళ్ల గుర్తులు పడ్డాయి.

*

టోపీ పని అంతా వాళ్ల తాత చేతిలో ఉండేది.

వానాకాలం వెనకబడగానే అటక మీది మూట దింపేవాడు. పాత ధోవతిలో చుట్టి, లోపల వేపాకు వేసి పెట్టేవాడు పురుగు పట్టకుండా. మూట విప్పగానే ఎండిన వేపాకులు గలగలా రాలేవి. నా ముక్కులో మిగిలిపోయిన వాసన అక్కడి నుంచి వచ్చిందే. టోపీని ఒళ్లో పెట్టుకుని ఒక్కో ఈకనూ వేళ్లతో కింది నుంచి పైకి దువ్వేవాడు. నూగు రాలిపోయినవీ, కాడ విరిగినవీ తీసి పక్కన పెట్టి, కొత్తవి దారానికి మైనం రాసి కట్టేవాడు. ముందు వైపు పొట్టేలు కొమ్ములు, అద్దం ముక్కలు, మెరుగు కాగితాలు. పొట్టి ఈకలు ముందుకు, పొడుగువి వెనక్కి.

"కండ్లన్నీ బయటికి చూడాలె" అనేవాడు. ఈకలోని కన్ను లోపలికి తిరిగి ఉంటే విప్పి మళ్లీ కట్టేవాడు. ఒక టోపీకి కొన్ని వందల ఈకలు. వాటిలో ఒక్క కన్ను పక్కకు చూసినా ఆయనకు తెలిసిపోయేది.

ఇంకో పని చేసేవాడు. ఎవరు ఏ ఈక తెచ్చినా ముందు దాని కాడ చివర చూసేవాడు. నెమలి దానంతటది రాల్చిన ఈకకు కాడ మొన నున్నగా, పొడిగా ఉంటుంది. పీకినదైతే నెత్తురు మరక ఉంటుంది. మరక ఉన్నది టోపీకి ఎక్కదు. ఒకసారి పక్క ఊరి పిల్లాడు తెచ్చిన ఈకను అలాగే చూసి, ఏమీ అనకుండా తిరిగి వాడి చేతిలో పెట్టాడు. వాడు మళ్లీ రాలేదు. నెమలిని జాతీయ పక్షిగా ప్రకటించింది 1963లో, దాన్ని వేటాడితే శిక్ష అన్న చట్టం వచ్చింది 1972లో. రాలిన ఈక ఉంచుకోవడాన్ని చట్టం కూడా తప్పుపట్టదు. ఇవన్నీ నేను తర్వాత చదువుకున్నవి. తాత ఏ చట్టమూ చదవలేదు. ఆయన కాడ చూసేవాడు, అంతే.

మగ నెమలికి వానల తర్వాత ఏటా ఆ పొడుగు ఈకలన్నీ రాలిపోతాయి, మళ్లీ కొత్తవి వస్తాయి. మేం తోక అనుకునేది నిజానికి తోక కాదు, తోకను పైనుంచి కప్పే ఈకలు. ఒక్కోదానికి నూట యాభై, రెండు వందల దాకా ఉంటాయి. రాలే రోజుల్లో ఊరి పిల్లలందరికీ అదే పని. తెల్లారకముందే చేల గట్ల మీద, వాగు ఒడ్డున, చింతచెట్ల కింద వెతకడం. మంచుకు తడిసి నేలకు అంటుకుని ఉండేవి. దొరికినవి దొరికినట్టు తాతకు తెచ్చి ఇచ్చేవాళ్లు. డబ్బులు లేవు, మిఠాయి లేదు. "నాది వెనక వరుసలో మూడోది" అని ఆట రోజున వేలు పెట్టి చూపించుకోవడానికి.

*

నాకు ఒకటి దొరికింది.

మంచి ఈక. కన్ను పెద్దది, నీలం మధ్యలో నల్లగా మెరుస్తూ. కరీంనగర్ వైపు మా చుట్టాల పిల్లలు చెప్పి పంపిన మాట ఒకటి నా బుర్రలో ఉంది. నెమలీకను పుస్తకంలో పెట్టి, పెన్సిల్ చెక్కు మేతగా వేస్తే పిల్లలు పెడుతుందని. నేను నా తెలుగు వాచకంలో పెట్టి రోజూ మేత వేస్తున్నాను.

దోస్తుకు చూపించాను. వాడు దాన్ని చేతిలోకి తీసుకుని, వాళ్ల తాతలాగే కాడ చివర చూసి, "మంచిగుంది. మా బాపు టోపీకి ఎడమ పక్క ఒకటి తక్కువ పడ్డదిరా. గిదియ్యరాదు?" అన్నాడు.

ఇవ్వను అన్నాను. పిల్లలు పెట్టాలి కదా.

"పక్షి పెడతది పిల్లలు. ఈక ఏడ పెడతది?" అన్నాడు వాడు. నిజమే. అయినా నేను పుస్తకం మూసేశాను. వాడు మళ్లీ అడగలేదు. అలగలేదు కూడా. మర్నాడు తన సద్ది రొట్టెలో సగం ఎప్పటిలాగే విరిచి పెట్టాడు.

దండారి వచ్చింది. వాళ్ల బాపు మా వాకిట్లో నిలబడ్డాడు. అవ్వ కాళ్లు కడుగుతోంది. నా చూపు ఎడమ చెవి పైకి పోయింది. అక్కడ సన్నగా ఒక సందు. అంత పెద్ద టోపీలో ఎవరికీ కనిపించనంత సందు. నాకు అదొక్కటే కనిపించింది. ఆయన తల తిప్పినప్పుడల్లా ఆ సందులోంచి వెనక ఆకాశం కనబడేది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారగానే పుస్తకంలోంచి ఈక తీసుకుని తాత దగ్గరికి ఉరికాను. ఆయన తీసుకుని, కాడ చూసి, కన్ను చూసి, నాకే తిరిగిచ్చాడు. "ఇప్పుడు టోపీ ముట్టద్దు బిడ్డా. దేవుని మీదుంది. అచ్చే ఏడు కడదాం. దాసిపెట్టు."

దాచిపెట్టాను. ఆ ఎండాకాలంలోనే బాపుకు ట్రాన్స్‌ఫర్ అయింది.

*

ఆట గురించి చెప్పకుండా ముందుకు పోలేను. వచ్చిన దండారిని ఊరి పొలిమేరలో ఎదుర్కొని, రాం రాం చెప్పి, అలాయ్ బలాయ్ ఇచ్చి, కాళ్లు కడిగి తీసుకొచ్చేవారు. రెండు ఊళ్ల పెద్దలు మంచాల మీద, మిగతావాళ్లం నేల మీద. సంబంధాలు కుదిరేది కూడా అక్కడే. జొన్నరొట్టె, పప్పు, ఎంతమంది వస్తే అంతమందికి. రాత్రి పెట్రోమాక్స్ లైటు చుట్టూ మగవాళ్లు చచ్చోయి ఆడేవారు, ఆడవాళ్లు చేతులు పట్టుకుని రేలా ఆడేవారు. గుస్సాడీలు మధ్యమధ్యలో పిల్లల మీదికి దూకి భయపెట్టేవారు, మా కేకలు విని పెద్దలు నవ్వేవారు. లైటు వెలుగు పడ్డప్పుడు ఈకల కళ్లన్నీ ఒకేసారి వెలిగేవి. టోపీలు పక్కకు తిరిగితే ఆరిపోయేవి. దీపావళి వెళ్లాక కోలాబోడితో అంతా ముగిసేది. టోపీ దిగేది, బూడిద కడిగేవారు. మూడో రోజు మా దోస్తు వాళ్ల బాపు మళ్లీ పత్తిచేలో వంగి కనిపించేవాడు.

ఒక ఏడు బాపు నన్ను మర్లవాయి తీసుకెళ్లాడు, సైకిల్ మీద. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం చనిపోయాక గోండుల పరిస్థితి తెలుసుకోవడానికి వచ్చిన హైమెండార్ఫ్ దొర, ఆయన భార్య ఉన్న ఊరది. అక్కడి టీచర్ ట్రైనింగు బడి గురించి బాపు దారంతా గొప్పగా చెప్పాడు. నేను ఆట చూసే ఆత్రంలో సగమే విన్నాను. ఆ రోజు ఆడినవాళ్లలో కనకరాజు గారు ఉండే ఉంటారు. బూడిద పూసుకున్న ముఖాల్లో ఎవరు ఎవరో నాకేం తెలుసు!

*

నేను డిగ్రీ చదివి సైన్సు టీచర్నయ్యాను. ఏటా ఏడో తరగతి పిల్లలకు నెమలీక చూపించేవాణ్ణి. నాది కాదు, అది డిక్షనరీలోంచి బయటికి రాదు. వేరేది. కిటికీ వెలుతురుకు అడ్డంగా పెట్టి అటునుంచి చూడమంటే, "సార్, రంగు పోయింది, బ్రౌనే ఉంది" అని అరిచేవాళ్లు. నిజంగానే ఈకలో నీలం, ఆకుపచ్చ రంగు పదార్థాలు లేవు. ఉన్నది గోధుమ, నలుపు మధ్య రంగుండే మెలనిన్ ఒక్కటే. దాని కణికలు కంటికి కనబడనంత సన్నగా, వరుసలు వరుసలుగా పేర్చి ఉంటాయి. వెలుగు ఆ వరుసల మీద పడి తిరిగి వచ్చేటప్పుడు రంగవుతుంది. ఈకను నూరితే ఆ వరుస చెదిరిపోయి పొడి గోధుమ రంగుకు తిరుగుతుంది. ఎండకు వెలిసే అద్దకం లాంటిది కాదు కాబట్టే పాత ఈక కూడా కొత్తదానిలా మెరుస్తుంది. ఈ పాఠం చెప్పిన ప్రతిసారీ నాకు టోపీలోని ఆ సందు గుర్తొచ్చేది.

హైదరాబాద్‌లో ఏ సభ జరిగినా గుస్సాడీలు కనిపించడం తర్వాత మామూలైంది. స్వాగత తోరణం కింద నిలబెట్టి, మైకు టెస్టు చేస్తుంటే వీళ్లను ఆడిస్తారు. టోపీ తీసి వచ్చిన పెద్దమనిషి తల మీద పెట్టి ఫొటోలు దిగుతారు. నాకు అది కష్టంగా ఉంటుంది. మా గూడెంలో దీక్ష లేని మనిషి తల మీద మల్‌బూరను నేనెప్పుడూ చూడలేదు. అదే సమయంలో, ఇందిరాగాంధీ ప్రధానిగా ఉన్నప్పుడే కనకరాజు గారు ఈ ఆటను ఢిల్లీ రిపబ్లిక్ డే వేడుకలకు తీసుకుపోకపోతే, ఎంతోమంది కుర్రాళ్లకు అడుగు నేర్పకపోతే, ఈ మాట చెప్పుకోవడానికైనా మనకు ఏం మిగిలేది? మర్లవాయి ఆశ్రమ పాఠశాలలో పిల్లలకు వండిపెట్టిన చేతులవి. అవే చేతులతో పద్మశ్రీ అందుకున్నాడు. పేపర్లో ఆ ఫొటోకు నమస్కారం పెట్టుకున్నాను.

*

ఆ మర్నాడే బయల్దేరాను. డిక్షనరీ సంచిలో పెట్టుకుని.

వాగు మీద వంతెన వచ్చింది. గూడెం దాకా తారురోడ్డు. బడి మూడు గదులైంది. తాత ఎప్పుడో పోయాడు, దోస్తు వాళ్ల బాపూ పోయాడు. వాళ్ల ఇల్లు అడిగితే ఒక పిల్లాడు వేలు చూపించాడు. వాకిట్లో గజ్జెల చప్పుడు. బూడిద పూసుకుని, గడ్డం కట్టుకుని, తల మీద మల్‌బూరతో ఒక గుస్సాడీ నిటారుగా నిలబడి ఉన్నాడు. నేను చెప్పులు విడిచాను. సోటి నా తలను తాకింది. తాకిన చెయ్యి చూస్తే తెలిసింది, ఎడమచేతి చిటికెన వేలు వంకర. చిన్నప్పుడు ఇద్దరం చింతచెట్టు మీంచి పడ్డప్పుడు విరిగింది.

"సారు కొడుకువా?" అన్నాడు, చాలాసేపు చూసి.

దీక్షలో ఉన్నవాడిని కౌగిలించుకోవచ్చో లేదో తెలియక నేను అలాగే నిలబడిపోయాను. ఆయన ఎడమ చెవి పైకి చూశాను. సందు లేదు. ఎప్పుడో ఎవరో నింపేశారు.

డిక్షనరీ తెరిచి ఈక తీశాను. ఆయన ముట్టుకోలేదు, ఇంట్లోకి చూసి పిలిచాడు. వాళ్లావిడ వచ్చి తీసుకుంది. ముందు కాడ చివర చూసింది. తర్వాత కన్ను. "మంచిగుందన్నా, అచ్చే ఏటికి అక్కరొస్తది" అని లోపలికి పోయి, అటక మీది నుంచి ధోవతి మూట దింపి విప్పింది. ఎండు వేపాకులు గలగలా రాలాయి. లోపల, వచ్చే ఏడాది కోసం దాచిన ఈకల కట్ట. దారం విప్పి, నాది మధ్యలో దోపి, కళ్లన్నీ ఒకే వైపు తిప్పి, మళ్లీ కట్టింది. ముడి వేసి పైకెత్తి చూపించింది. అందులో నాది ఏదో నేను పోల్చుకోలేకపోయాను.